పొడి వెయ్యని సీసా

మా ప్రయోగశాలలో నాకు లేని పేరు నా చేతికి ఉంది. నన్ను చూసి ఎవరూ కుర్చీలోంచి లేవరు గానీ నా చెయ్యి మాట వస్తే మాత్రం గొంతు తగ్గించి మాట్లాడతారు. కొందరు డాక్టర్లకు హస్తవాసి ఉంటుందంటారే, అలాంటిదట నాది. సారు కనిపెట్టిన నల్లపొడి ఎవరు వేసినా మొరాయిస్తుంది, నేను వేస్తే చెప్పిన మాట వింటుంది. పదకొండేళ్లుగా ఇదే వరస. నేనూ తక్కువదాన్నేం కాదు. ఎవరైనా పొగిడితే అబ్బే అదేం లేదంటూనే, ఆ చెయ్యి కాస్త కనబడేలా బల్ల మీద పెట్టుకునేదాన్ని.

పొడి గురించి రెండు ముక్కలు చెప్పాలి. మందుల ఫ్యాక్టరీల్లో రెండు రసాయనాలను ఒకదానికొకటి అతికించి కొత్తది చెయ్యాలంటే బంగారం కంటే ఖరీదైన లోహం ఒకటి కావాలి. అది చిటికెడు పడితే గానీ ఆ రెండూ కలవవు. ఆ లోహం అక్కర్లేదు, రంపపు పొట్టు మాడ్చి చేసిన పొడి చాలని మా సారు లోకానికి చాటారు. రెండు రసాయనాలూ పొడీ సీసాలో వేసి, ఆరు గంటలు వేడి చేసి, ఒక చుక్క తీసి యంత్రానికిస్తే అది కాగితం మీద గీత గీస్తుంది. అతికితే గీత మధ్యలో శిఖరం లేస్తుంది. అతక్కపోతే గీత పడుకునే ఉంటుంది. నాకు నూటికి తొంభై పాళ్లు అతికేది. నా పట్టా, నా ఉద్యోగం, సారుకి వచ్చిన పేరు, అన్నీ ఆ శిఖరం చూపించి తెచ్చుకున్నవే.

మిగతావాళ్లకి మూడు పాళ్లు, నాలుగు పాళ్లు వచ్చేది. ఎందుకు రాదంటే సారు దగ్గర పెద్ద చిట్టా ఉంది. మొదట్లో గాలిలో తేమ అన్నారు. తర్వాత నీళ్లు మంచివి కావన్నారు. ఆ తర్వాత రసాయనం అమ్మినవాడిని తిట్టిపోశారు. అన్నీ మార్చేశాక ఇంక మార్చడానికి మనుషులే మిగిలారు గనక చెయ్యి దగ్గరికొచ్చారు. చెయ్యి తిరగాలమ్మా అని మొదలుపెట్టి, ఓ రెండేళ్లు పోయాక నీ చెయ్యి దీనికి పనికిరాదు అనే దగ్గర ఆపేవారు. నా తర్వాత చేరినవాళ్లలో ముగ్గురు ఆ మాట అనిపించుకుని వెళ్లిపోయారు. దెయ్యాలంటే పడీ పడీ నవ్వే శాస్త్రవేత్తలం, చెయ్యిని మాత్రం గట్టిగా నమ్మాం.

నాలుగో మనిషి గడియారం. అది మేం తగిలించిన పేరు. ప్రయోగాల పుస్తకంలో అందరూ ఉదయం పదింటికి మొదలు అని రాస్తే, తను పది గంటల రెండు నిమిషాల పదకొండు సెకన్లు అని రాస్తుంది. ముప్ఫై ఏళ్లుంటాయి, చెల్లెలితో కలిసి రెండు గదుల వాటాలో ఉంటుంది. నన్ను అక్కా అంటుంది. పని నేర్చుకోవడానికి రోజూ నా పక్కన నిలబడి చూసేది. పొడి వేసేటప్పుడు నేను నాలుక కొస బయటపెడతానట, తనూ పెట్టడం మొదలుపెట్టింది. ఎడమకాలి మీద బరువు వేసి నిలబడతానట, తనూ అలాగే నిలబడింది. నా కూనిరాగం కూడా పట్టేసింది. ఐదేళ్లలో అచ్చం నాలా తయారైంది గానీ తన గీత మాత్రం ఒక్కసారీ లేవలేదు.

ఐదేళ్లు నిండినవాళ్లకి మా సంస్థలో ఒక గడువు ఉంటుంది. ఫలానా శుక్రవారం లోపల పరిశోధన పూర్తయిందని సిద్ధాంత గ్రంథం ఇవ్వాలి, లేదా ఈ దారి మూసుకుపోయింది, విషయం మార్చుకుంటున్నానని కాగితం ఇవ్వాలి. కాగితం ఇస్తే కొత్త విషయం మీద ఇంకో రెండేళ్లు దొరుకుతాయి. రెండూ ఇవ్వకపోతే ఇంటికే. ఆ కాగితం మీద సారు సంతకం ఉండాలి. దారి మూసుకుపోయిందని సారు ఎలా ఒప్పుకుంటారు? తొంభై పాళ్లు తెప్పించే మనిషి పక్క బల్ల మీదే ఉంటే దారి మూసుకుపోవడమేమిటని నన్ను చూపించేవారు. గడియారం వెళ్లి మళ్లీ సీసా కడుక్కునేది. నా మూలంగానే తనకి బయటికి పోయే తోవ లేకుండా పోయిందని అప్పట్లో నాకు తట్టలేదు.

ఆ శుక్రవారం ఇంకా ఆరు వారాలుందనగా తనకి జ్వరం వచ్చి నాలుగు రోజులు రాలేదు. శనివారం ప్రయోగశాలలో నేనొక్కదాన్నే ఉన్నాను. తన బల్ల మీద సామానంతా తుడిచి, వరసగా సర్ది ఉంది. జాలేసింది. తన సామానుతోనే నేనొకసారి చేసి, తొంభై తెప్పించి, ఆ కాగితం తన పుస్తకంలో పెడితే కాస్త ధైర్యంగా ఉంటుందనుకున్నాను. నిజానికి అందులో నా గొప్ప చూపించుకోవడం కూడా ఉంది, కాదనను.

ఒకరి సామాను ఒకరు ముట్టుకోకూడదనేది మా దగ్గర మొదటి నియమం. ఒకరి మురికి ఇంకొకరి సీసాలో పడకూడదని సారు పెట్టారు. సీసా, చెంచా, బీడ్, ఎవరివి వాళ్లవే, ఎవరి డబ్బా వాళ్లదే. బీడ్ అంటే సీసాలో వేసే గోరంత అయస్కాంతం, పైన తెల్లటి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. కింద పొయ్యిలో పెద్ద అయస్కాంతం తిరుగుతుంటే సీసాలో ఇదీ గిరగిరా తిరిగి అంతా కలుపుతుంది. పదకొండేళ్లలో నేను ఆ నియమం తప్పింది ఆ శనివారమే.

తొమ్మిదింటికి మొదలుపెట్టి మూడింటికి చుక్క తీశాను. గీత పడుకునే ఉంది. నా చెయ్యే, నా నాలుకే, నా ఎడమకాలే. యంత్రాన్ని నానా మాటలూ అని మళ్లీ ఇచ్చాను. నాలుగు పాళ్లు. అసలే నాకు ముక్కు మీద కోపం. ముందు కోపం వచ్చింది, దాని వెనకాల నెమ్మదిగా భయం వచ్చింది.

ఆదివారం పొద్దున్నే వెళ్లి సీసాలు వరసగా పెట్టాను. తన సామాను మధ్యలో ఒక్కోదాంట్లో ఒక్కటే నాది. ఒకదాంట్లో నా సీసా, ఒకదాంట్లో నా రసాయనాలు, ఒకదాంట్లో నా పొడి, ఒకదాంట్లో నా బీడ్. మధ్యాహ్నానికి తేలిపోయింది. నా బీడ్ వేసిన సీసాలోనే శిఖరం లేచింది, మిగతావన్నీ చదును. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. నేను ఊరుకునే రకమా? సోమవారం గడియారం ఇంకా రాలేదు. ఒక సీసాలో రెండు రసాయనాలూ వేసి, నా బీడ్ వేసి, పొడి వెయ్యడం మానేశాను. ఎనభై ఎనిమిది పాళ్లు వచ్చింది.

ఆ కాగితం పట్టుకుని కుర్చీలో కూలబడ్డాను. నా డబ్బాలోని మిగతా మూడు బీడ్లతోనూ పక్క సీసాల్లో అలాగే చేశాను, అవీ అంతే. అసలు ఆ నాలుగూ నాకెక్కడివో అప్పుడు గుర్తొచ్చింది. నేను చేరిన కొత్తల్లో పక్క గదివాళ్లు ఖాళీ చేసి పోతూ ఒక సొరుగు నిండా పాత సామాను వదిలేశారు. గీతలు పడి బూడిదరంగుకి తిరిగినా బాగానే పనిచేస్తున్నాయి కదా, పారెయ్యడం దేనికని నాలుగు బీడ్లు ఏరుకున్నాను. పక్క గదివాళ్లు పనిచేసింది ఆ ఖరీదైన లోహంతోనే. తొడుగు మీది గీతల్లో అది ఇరుక్కుపోయి ఉంది, ఎంత కడిగినా పోదు. ఇన్నేళ్లూ నా సీసాలో అతికించింది అదీ. పొడిలో లోహం కలిసిందేమోనని సారు మూడు చోట్ల పరీక్ష చేయించారు, లేదన్నారు. బీడ్‌ని పరీక్షకి పంపాలని ఎవరికీ తోచలేదు. సెకన్లు రాసుకునే గడియారం కూడా ఏ బీడ్ వేసిందో ఎన్నడూ రాయలేదు. మా పుస్తకాల్లో దానికి గడే లేదు. మురికి అంటకూడదని పెట్టుకున్న నియమం వల్లే ఆ నాలుగు బీడ్లూ నా డబ్బా దాటి బయటికి రాలేదు.

ఆ పూటే చెప్పాల్సింది. చెప్పలేదు.

మంగళవారం గడియారం వచ్చింది, జ్వరానికి మొహం పీక్కుపోయి. చెబుదామని నోరు తెరిచి, తగ్గిందా అని అడిగి మూసేశాను. చెబితే సారు పేరు పోతుంది, నా పట్టా పోతుంది, ఉద్యోగం పోతుంది, నలభై రెండేళ్ల వయసులో నేనెవరినో నేనే వెతుక్కోవాలి. చెప్పకపోతే ఆ పిల్ల పోతుంది. రెండూ రోజూ ఒకేసారి కళ్లముందు కనబడేవి. మా గదికి కిటికీలున్నాయి గానీ తెరుచుకోవు, పొగలు వీధిలోకి పోకూడదని బిగించేశారు. ఇన్నేళ్లూ ఆ సంగతే గమనించనిదాన్ని, ఆ నెలంతా ఊపిరాడనట్టు ఆ అద్దాల దగ్గరే తచ్చాడాను. కింద వీధిలో బస్సు కోసం నిలబడ్డ మనుషులను చూస్తే కుళ్లు పుట్టేది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మా దగ్గర ఎవరి పుస్తకంలో వాళ్లు పని రాసుకున్నాక పేజీ కింద ఇంకొకరు సాక్షి సంతకం పెట్టాలి, ఈ పని ఇలాగే జరిగిందని చూశాను అన్నట్టు. సాయంత్రం ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు పెడతారు. నేను ఖాళీగా కనబడిన రోజు గడియారం నా దగ్గరికే తెచ్చేది. పొడి ఇంత, వేడి ఇంత, ఫలితం మూడు పాళ్లు. రాసిందాంట్లో అబద్ధం ఏదీ లేదు. సంతకం పెట్టేదాన్ని. పైగా ఒకరోజు తనని పిలిచి సీసా ఇలా కాదు, ఇలా పట్టుకో అని మణికట్టు తిప్పి చూపించాను. ఎందుకు చూపించానో నాకే తెలియదు. నేను చూపించినట్టే పట్టుకుంది.

అలా మూడు వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం సింకు దగ్గర సీసాలు కడుగుతూ మామూలుగా చెప్పింది, నరాల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చానని. చేతులు రెండూ ముందుకి చాపమన్నాడట. కుడిచేతికి కొంచెం వణుకుందన్నాడట. మాత్రలు రాశాడు, అవి వేసుకుంటే పొద్దున్నపూట మత్తుగా ఉంటోందట.

"ఇన్నాళ్లూ సారు చెబుతుంటే మనసులో తిట్టుకున్నానక్కా," అంది. "నిజంగానే నా చేతిలోనే ఉంది లోపం."

అలా పట్టి పట్టి చూస్తే ఎవరి చెయ్యైనా వణుకుతుందని చెప్పాను. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. ఆ సాయంత్రం బస్సులో నా మీద నాకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినంత మాత్రాన మర్నాడు చెప్పానా అంటే అదీ లేదు.

మా ఇంట్లో ముగ్గురం, ముగ్గురివీ మూడు శాస్త్రాలు. మా ఆయన భౌతికశాస్త్రం. భూమికి రెండు కిలోమీటర్ల లోతున పెద్ద తొట్టె నిండా ద్రవం పోసి, ఇంతవరకూ ఎవరూ చూడని ఒక కణం వచ్చి అందులో తగులుతుందని తొమ్మిదేళ్లుగా కాపలా కాస్తున్నారు. అది రాలేదు. రాలేదని రెండేళ్లకోసారి వ్యాసం రాస్తారు. ఇంత బరువున్న కణమైతే లేనట్టే అని ఒక దారి మూసేసి, ఇంకో దారి పడతారు. అందరూ చప్పట్లు కొడతారు. లేదని చెప్పి ఇంత మర్యాద సంపాదించే ఉద్యోగం ఇంకోటి ఉండదని నేను ఏడిపిస్తుంటాను. మామగారిది గణితం. ఒకే ప్రశ్న పట్టుకుని ఇరవై రెండేళ్లు కూర్చున్నారు. చివరికి ఆయన మొహం కూడా ఎరగని మనిషెవరో, ఆ పద్ధతిలో వెళ్తే ఆ జవాబు ఎన్నటికీ దొరకదని నిరూపించేశాడు.

గడువు వారంలోకి వచ్చిన ఆదివారం, భోజనాల దగ్గర, పక్క సంస్థలో ఒకావిడ ఉందని మొదలుపెట్టి ఇదంతా చెప్పాను. బీడ్ సంగతి, పొడి వెయ్యని సీసా సంగతి. మా ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అదీ ఒక ఫలితమే కదా, రాసి ప్రచురిస్తే సరిపోతుందని కూర వడ్డించుకున్నారు. ఒళ్లు మండిపోయింది. మీకు లేకపోవడమే పని, మాకు లేకపోతే మనుషుల చేతులకు వంక పెడతారు అని గట్టిగానే అన్నాను. ఇంతలో ఆయనకి ఫోన్ వచ్చి పక్క గదిలోకి వెళ్లారు.

మామగారు అంతసేపూ తల వంచుకుని తింటున్నారు. ఇప్పుడు చెయ్యి ఆపారు.

"నాది గోడ అని తేలిన రోజు నేను హాయిగా నిద్రపోయానమ్మా," అన్నారు. "అందరూ నన్ను ఓదార్చడానికి వచ్చారు, నేను లేవలేదు. గోడ అని తెలియనంతకాలం తలుపే అనుకుని తోస్తూ ఉంటాం. తెరుచుకోకపోతే మన భుజంలో బలం లేదనుకుంటాం. ఇరవై రెండేళ్లు నేను తెలివితక్కువవాడిననుకున్నాను. కాదని ఆ కాగితం చూశాకే తెలిసింది." మజ్జిగ పోసుకుంటూ, "ఆ పక్క సంస్థావిడ దగ్గర ఎవరైనా అలా తోస్తున్నారా?" అని అడిగారు.

ఉన్నారన్నాను. పక్క సంస్థ ఏదో ఆయనకి తెలిసిపోయింది. కంచాలు తీసుకుని వంటగదిలోకి వెళ్లి, కుళాయి తిప్పుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

మంగళవారం సారు గదికి వెళ్లాను. ఆయన కుర్చీ వెనకాల మా వ్యాసం మొదటి పేజీ అద్దం కట్టించి ఉంటుంది, అందులో ఆయన పేరు పక్కన నా పేరు. నిలబడే మొత్తం చెప్పేశాను. అరుస్తారనుకున్నాను. అరవలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. నాలుగు బీడ్లూనా అని అడిగారు. నాలుగూ అన్నాను. పొడి లేకుండానా అని అడిగారు. లేకుండానే అన్నాను.

"నేను ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు కదూ?" అన్నారు.

చెప్పలేదండీ అన్నాను. అది నిజం. ఆయన చెప్పలేదు. నేనూ ఆ సోమవారం దాకా చెప్పలేదు.

కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "ఆ పిల్లకి నీ బీడ్ ఒకటి ఇయ్యి. శిఖరం వస్తుంది, గ్రంథం ఇచ్చేసి బయటపడుతుంది. దాని బతుకు నిలబడుతుంది. ఆ తర్వాత నువ్వూ నేనూ తీరిగ్గా కూర్చుని ఏడుద్దాం."

ఇలా అన్నారని ఇప్పుడు ఆయన్ని ఆడిపోసుకోవడం తేలిక. ఆ పూట నాకు ఆ మాట చల్లగా తగిలింది. పిల్లకి పట్టా వస్తుంది, సారు పరువు దక్కుతుంది, నా ఉద్యోగం ఉంటుంది, ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఇంత సులువైన దారి నాకెందుకు తోచలేదా అనుకుంటూ గదిలోంచి బయటికొచ్చాను. ఆ అనుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

బుధవారం పొద్దున్న నా డబ్బా తెరిచి ఒక బీడ్ తీసి గడియారం చేతిలో పెట్టాను. కాస్త పాతదే గానీ బాగా తిరుగుతుంది, ఇవాళ దీంతో చేసి చూడు అన్నాను. నియమం కదక్కా అని వెనకాడింది. నేనే ఇస్తున్నాను కదా అన్నాను. మధ్యాహ్నం యంత్రం దగ్గర గీత మెల్లగా లేవడం మొదలుపెట్టింది. ఆగలేదు, పైపైకి పోయింది. తొంభై ఒకటి.

తను కేక వెయ్యలేదు. కాగితం రెండు చేతులతో పట్టుకుని కింద నేల మీద కూర్చుండిపోయింది. తర్వాత లేచి కుడిచెయ్యి నా ముందు చాపింది.

"చూడక్కా, వణకట్లేదు," అంది.

నిజంగానే వణకట్లేదు. చెల్లెలికి ఫోన్ చేసి, వచ్చిందే, నాకూ వచ్చింది, నా చెయ్యి బాగానే ఉందే అని చెబుతూ ఏడ్చేసింది. అవతల ఆ పిల్లా ఏడుస్తున్నట్టుంది, వద్దు వద్దు అని ఈమె ఓదార్చింది. సంచిలోంచి మాత్రల అట్ట తీసి చెత్తబుట్టలో పడేసింది. గ్రంథంలో అన్ని పేజీలూ రాసే ఉన్నాయి, ఈ ఒక్క అంకె వేస్తే శుక్రవారం ఇచ్చెయ్యొచ్చని లెక్కలు వేసుకుంటోంది. ఇక నేను నోరు మూసుకుని ఉంటే చాలు, అంతా అయిపోయినట్టే.

జీవితాంతం ఆ చెయ్యి చూసుకుని మురిసిపోతుంది. ఆ తర్వాత తన దగ్గరికి వచ్చే పిల్లలకి నేర్పుతుంది. వాళ్లకి రాదు. నీ చెయ్యి పనికిరాదమ్మా అని తనూ అంటుంది. ఆ మాట తన నోట్లోంచి వస్తున్నట్టే నాకు వినిపించింది.

"రేపు ఇంకొక్కసారి చేద్దాం," అన్నాను.

గురువారం తొమ్మిదింటికల్లా ఇద్దరం బల్ల దగ్గర ఉన్నాం. అదే బీడ్ వెయ్యమన్నాను. పొడి మాత్రం వెయ్యొద్దన్నాను. ఉత్తి సీసాతో పోల్చి చూపించమని రేపు గ్రంథం చూసే పెద్దవాళ్లు అడుగుతారనా అని తనే ఒక కారణం వెతుక్కుని నవ్వింది. పుస్తకంలో పొడి సున్నా అని రాసుకుంది. ఆరు గంటలు ఆ సీసా మా ఇద్దరి మధ్య తిరుగుతూనే ఉంది. ఉద్యోగం వచ్చాక చెల్లెలిని ఏం చదివించాలో చెబుతూ కూర్చుంది. నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను. ఒకసారి లేచి తలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చేశాను.

మూడింటికి చుక్క తీసింది. గీత లేచింది. ఎనభై ఏడు.

తనకి విడమరిచి చెప్పాల్సిన పని లేదు. కాగితం చూసింది, పుస్తకంలో సున్నా చూసింది. పట్టకారుతో బీడ్‌ని సీసాలోంచి తీసి, తుడిచి, దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పింది. గీతల్లో బూడిదరంగు కనబడింది. అయినా నేను చెప్పాను. పక్క గదివాళ్లు, సొరుగు, లోహం, మొత్తం చెప్పాను. నీ చెయ్యి ఎప్పుడూ బాగానే ఉంది, వెళ్లిపోయిన ఆ ముగ్గురి చేతులూ బాగానే ఉన్నాయి అని చెప్పాను. వింటున్నంతసేపూ తన మొహంలో కోపం లేదు. పెద్ద బరువేదో దిగుతున్నట్టే ఉంది. బతికిపోయానని కూడా అనుకున్నాను.

"ఎప్పుడు తెలిసింది మీకు?" అని అడిగింది.

మొన్న అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. తెలిసిన వెంటనే సారు దగ్గరికి వెళ్లానని చెబితే ఎవరు కాదంటారు? కానీ సెకన్లు రాసుకునే మనిషికి తప్పుడు తేదీ చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"నీకు జ్వరం వచ్చిన వారం. తర్వాతి సోమవారం," అన్నాను.

తను పుస్తకం వెనక్కి తిప్పింది. జ్వరం తగ్గి వచ్చిన మంగళవారం పేజీ దగ్గర ఆగింది. అక్కణ్నుంచి ఒక్కొక్క పేజీ ముందుకి తిప్పుతూ వేలు పెట్టి లెక్కపెట్టింది. నేను ఆపలేదు. చివరిదాకా వచ్చి, మళ్లీ మొదటికి వెళ్లి, ఈసారి పేజీల అడుగున చూస్తూ లెక్కపెట్టింది.

"నిన్నటికి ముందు ఇరవై ఆరు సార్లు చేశాను," అంది. "అందులో తొమ్మిదింటి కింద మీ సంతకం ఉంది."

అంతకుముందు ఏ రోజూ నేను వాటిని లెక్కపెట్టలేదు. రోజుకొకటి పెట్టినప్పుడు అవి అంత ఎక్కువ అనిపించలేదు.

తను ఆ రోజు పేజీ తీసింది. పొడి సున్నా అన్నదాని కింద కొత్తగా ఒక వరస గీసి, బీడ్ ఎవరిదో, ఎక్కడి నుంచి వచ్చిందో రాసింది. ఫలితం ఎనభై ఏడు అని రాసింది. సొరుగులోంచి విషయం మార్చుకునే కాగితం తీసి పక్కన పెట్టుకుంది. ఆ పేజీ చూపిస్తే సారు సంతకం పెట్టక తప్పదు. ఆ పేజీ కింద నేను సాక్షినైతే నా పదకొండేళ్లకీ ఆ రోజే ఆఖరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పుస్తకం నా వైపు తిప్పి పెన్ను దాని మీద పెట్టింది.

"పదోది పెట్టండి," అంది.

పెట్టాను. ఇన్నేళ్ల పని పోయిందని నాకు ఏడుపు రాలేదు. పుస్తకం మూసెయ్యబోతూ వెనక పేజీల్లోని ఆ తొమ్మిది సంతకాలూ కనబడ్డాక వచ్చింది. తను నన్ను ఓదార్చలేదు. పుస్తకం తీసుకుంది, ఫోన్ తీసుకుంది, నిన్న సంతోషంగా చెప్పిన కబురు అసలేమిటో చెల్లెలికి మళ్లీ చెప్పడానికి వరండాలోకి వెళ్లింది.